స్పా బోర్డు మీద 14 రకాల మసాజులు, మా నాన్న నడుముకు ఏది?

పట్టుమగ్గం పాప, బరంపురం
అందరికీ నమస్తే. మా నాన్నకి 66 ఏళ్లు. 40 ఏళ్లు గుంట మగ్గం మీద పట్టుచీరలు నేశారు. మగ్గం అమ్మేసి నాలుగేళ్లయింది గానీ నడుము నొప్పి, కుడి భుజం లాగడం మాత్రం ఎవరూ కొనలేదని ఆయనే జోకేస్తుంటారు. నేను ఇంట్లో కూర్చుని కంప్యూటర్ పని చేస్తాను, సాయంత్రానికి నా మెడ కూడా కర్రలా బిగుసుకుపోతుంది. ఈమధ్య మా వైపు కొత్తగా ఒక స్పా తెరిచారు. బోర్డు మీద స్వీడిష్, డీప్ టిష్యూ, థాయ్, బాలినీస్, షియాట్సు, హాట్ స్టోన్, అభ్యంగం, శిరోధార... 14 లెక్కపెట్టాను. గంటకి 1,500 నుంచి 3,500 దాకా ఉంది. నడుం నొప్పికి ఏది మంచిదని లోపల అమ్మాయిని అడిగితే "అన్నీ మంచివే మేడమ్, డీప్ టిష్యూ ఎక్కువమంది తీసుకుంటారు" అంది. నాన్నకి చెబితే కస్సుమన్నారు, ఆదివారం సెలూన్‌లో చేసే మాలిష్ నాకు చాలు, ఈ వయసులో ఆడపిల్లల చేత ఒళ్లు పట్టించుకోమంటావా అని. అసలు ఈ పేర్ల మధ్య తేడా ఏంటి? చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. యాడ్‌లో రాసిందే మళ్లీ రాయకండి ప్లీజ్.

గుణుపురం కుర్రాడు
3,500 దేనికండీ, మా వీధిలో ఎదురుకాళ్లతో పుట్టిన అత్త ఒకావిడ ఉంది. నడుం పట్టేసినవాడు ఎవడైనా వెళ్లి గుమ్మంలో బోర్లా పడుకుంటాడు, ఆవిడ ఎడమ కాలితో మూడుసార్లు తొక్కుతుంది, ఫీజు ఒక తమలపాకు కట్ట. మా మావయ్య నిజంగానే లేచి నడిచాడు. తర్వాత రెండు రోజులు మళ్లీ పడుకున్నాడనుకోండి, అది వేరే సంగతి.

జయపురం జగ్గు
నేను బ్యాంకాక్ వెళ్లినప్పుడు వాట్ ఫో గుడి ఆవరణలోనే థాయ్ మసాజ్ చేయించుకున్నాను, అక్కడ దాన్ని నేర్పే బడి కూడా ఉంది. నూనె ఉండదు, బట్టలు విప్పక్కర్లేదు, వాళ్లే ఒక వదులు పైజామా ఇస్తారు. కింద పరుపు మీద పడుకోబెట్టి బొటనవేళ్లతో, మోచేతులతో, మోకాళ్లతో నొక్కుతూ మన కాళ్లూ చేతులూ పట్టుకుని సాగదీస్తారు. యోగాసనాలు మనం వేయడం పోయి ఎవరో మన చేత వేయించినట్టు ఉంటుంది. 2019లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు కూడా. బట్టలు ఉంటాయి కాబట్టి మీ నాన్నగారికి మొహమాటం ఉండదు. కానీ 66 ఏళ్ల నడుముని అలా మెలితిప్పించడం మాత్రం నాకు భయమే. నాకు 35 ఏళ్లప్పుడే ఒకచోట "అమ్మా" అని అరిచాను, ఆవిడ నవ్వింది.

రాయగడ ఫిజియో
నేను ఫిజియోథెరపిస్టుని, 12 ఏళ్లుగా ఇదే పని. ముందు పేర్ల సంగతి చెప్పేస్తాను, తర్వాత మీ నాన్నగారి దగ్గరికి వస్తాను.

స్వీడిష్ అని మనం పిలిచేదానిలో ఉన్నవి ఐదు పనులు: పొడవుగా నిమరడం, పిండి పిసికినట్టు పిసకడం, వేళ్లతో గట్టిగా రుద్దడం, అరచేతి అంచుతో తట్టడం, వణికించడం. స్వీడన్‌కి చెందిన పెర్ హెన్రిక్ లింగ్ దీన్ని కనిపెట్టాడని చాలాచోట్ల రాస్తారు. ఆయన 1813లో స్టాక్‌హోమ్‌లో వ్యాయామ విద్యాసంస్థ పెట్టిన మాట నిజమే గానీ ఈ ఐదింటినీ ఒక పద్ధతిలో పెట్టిన ఘనత డచ్ డాక్టర్ యోహాన్ మెజ్గర్‌ది. స్వీడన్‌లో దీన్ని స్వీడిష్ అని కూడా అనరు, క్లాసిక్ మసాజ్ అంటారట. టెన్షన్ తగ్గడానికి, నిద్ర పట్టడానికి, కండరాలు వదులవడానికి ఇదే అన్నిటికంటే మెత్తనిది. మోకాళ్ల అరుగుదల ఉన్నవాళ్ల మీద అమెరికాలో చేసిన పరీక్ష ఒకటి 2012లో వచ్చింది, వారానికోసారి గంట చొప్పున 8 వారాలు చేస్తే నొప్పి తగ్గినట్టు తేలింది. అంటే ఒక్కసారి వెళ్లొచ్చి "ఏం తగ్గలేదు" అనుకోవడం కూడా సరికాదు.

డీప్ టిష్యూ అంటే లోపలి పొరల మీద నెమ్మదిగా, లోతుగా నొక్కడం. ట్రిగర్ పాయింట్ అంటే కండరంలో ముడికట్టిన చోటు పట్టుకుని అక్కడే నొక్కి ఉంచడం, దాన్ని పైకి తెచ్చినావిడ జానెట్ ట్రావెల్, అమెరికా అధ్యక్షుడు కెనడీకి డాక్టరుగా పనిచేసింది. షియాట్సు జపాన్‌ది, షి అంటే వేలు, అట్సు అంటే ఒత్తిడి. నమికోషి అనే ఆయన 1940లో దానికి బడి పెట్టాడు. బాలినీస్, అరోమా లాంటివి నా దృష్టిలో మెత్తటి మసాజుకే వేరే నూనె, వేరే వాసన.

నేను చేతులు వేసేముందు అడిగేవి వేరు. నొప్పి ఎన్నాళ్ల నుంచి? కాలిలోకి జివ్వుమని లాగుతుందా? తిమ్మిరి ఉందా? రాత్రి పడుకున్నా నొప్పి ఉంటుందా? ఏ మందులు వాడుతున్నారు? మీ నాన్నగారికి షుగర్, బీపీ, గుండె సంగతులు ఏమైనా ఉన్నాయా పాపగారూ? స్పా వాళ్లు ఇవి అడిగారా?

పట్టుమగ్గం పాప, బరంపురం
ఒక్కటీ అడగలేదండి. షుగర్ ఉంది, పదేళ్లు. మూడేళ్ల క్రితం గుండె రక్తనాళంలో స్టెంట్ వేశారు, రక్తం పలచబడే మాత్రలు వాడుతున్నారు. అరికాళ్లు తిమ్మిరి అంటారు, చెప్పు జారిపోయినా తెలియదు ఒక్కోసారి.

రాయగడ ఫిజియో
అయితే ఆ డీప్ టిష్యూ బోర్డు వైపు చూడకండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లకి గట్టిగా నొక్కితే లోపల రక్తం కారి నల్లగా కములుతుంది, ఒక్కోసారి పెద్ద వాపే వస్తుంది. హాట్ స్టోన్ అసలే వద్దు. అది వేడిచేసిన నల్లటి బసాల్ట్ రాళ్లు వీపు మీద, కాళ్ల మీద పెట్టడం. తిమ్మిరెక్కిన కాళ్లకి కాలింది తెలియదు, మర్నాడు పొక్కు చూసి తెలుస్తుంది, షుగర్ ఉన్నవాళ్లకి ఆ పొక్కు మానడం ఎంత కష్టమో చెప్పక్కర్లేదు. ఇంట్లో పెట్టే ఇటుక కాపడం, ఉప్పు మూట కాపడం కూడా అంతే, ముందు మీ చేతి మీద పెట్టుకుని చూడండి.

కవిరాజుగారి మనవడు, పర్లాకిమిడి
పైన బోర్డులో అభ్యంగం, శిరోధార కూడా థాయ్ పక్కనే ఒక వరసలో రాశారు చూశారా, అదే నాకు నచ్చదు. మా తాత పేరున్న కవిరాజు, అంటే ఆయుర్వేద వైద్యుడు, మా ఇంటికి ఒడియావాళ్లు, తెలుగువాళ్లు, పాతపట్నం నుంచి వచ్చేవాళ్లు అందరూ వచ్చేవారు. ఆయన ముందు నాలుక చూసేవారు, ఆకలి ఎలా ఉందని అడిగేవారు, అజీర్ణం ఉంటే నూనె ముట్టుకోనిచ్చేవారు కాదు, జ్వరం ఉంటే ఇంటికి పంపేసేవారు. అభ్యంగం అంటే గోరువెచ్చని నూనెతో ఒళ్లంతా మర్దన, తర్వాత చెమట పట్టించడం, తర్వాత వేణ్నీళ్ల స్నానం. చరకుడు చెప్పిన పోలిక నాకు భలే ఇష్టం: నూనె పట్టించిన కుండ, నూనెతో మెదిపిన తోలు, కందెన వేసిన బండి ఇరుసు ఎలా గట్టిపడి కష్టానికి ఓర్చుకుంటాయో ఒళ్లు కూడా అంతేనట. మగ్గం నేసిన నాన్నగారికి ఈ మాట చెప్పండి, వెంటనే అర్థమవుతుంది.

ఉద్వర్తనం అని ఇంకొకటి, నూనె బదులు పొడులతో కింది నుంచి పైకి ఎదురు రుద్దడం. మన పెళ్లిళ్లలో పెట్టే నలుగు దానికి చుట్టమే. కేరళవాళ్లది పిళిచ్చిల్, వెచ్చటి నూనె ధారగా పోస్తూ మర్దన. కిళి అంటే ఆకులు గానీ, పాలలో ఉడికించిన నవర అనే రకం బియ్యం గానీ మూటకట్టి దానితో కాపడం. శిరోధారలో మర్దన లేదు, నుదుటి మీద సన్నటి నూనె ధార, నిద్ర పట్టనివాళ్లకి హాయి. అది నడుం నొప్పికి అని ఎవరైనా అమ్మితే లేచి వచ్చేయండి.

మీ నాన్నగారిది వాతం నొప్పి కాబట్టి ఇంట్లోనే నువ్వుల నూనె గోరువెచ్చగా చేసి మెత్తగా రాస్తే చాలు. వైద్యుడు చెబితే మహానారాయణ తైలం. మీకు దగ్గరే కదా అంకుశపూర్ ఆయుర్వేద కాలేజీ, అక్కడ చూపించండి, స్పా డబ్బుల్లో సగం కూడా అవదు.

ఛత్రపురం సత్యం
మనవడుగారూ, వాతం అంటే ఏ నొప్పయినా వాతమేనా? డిస్క్ జారినా వాతమే, అరిగినా వాతమే అంటే ఎలా?

కవిరాజుగారి మనవడు, పర్లాకిమిడి
మా తాత ఎముక సంగతి అనుమానం వస్తే బరంపురం పెద్దాసుపత్రికి ఫొటో తీయించమని చీటీ రాసిచ్చేవారు సార్. ఆయనకున్న బుద్ధి మనకీ ఉంటే చాలు.

బరంపురం బుజ్జి
మీ నాన్నగారి సెలూన్ మాలిష్ గురించి ఎవరూ మాట్లాడరేంటి? నేను 20 ఏళ్లుగా చేయించుకుంటున్నా. తల మీద టపటపమని కొట్టి, నూనె రాసి, చెవులు మెలేసి, ఆఖర్న గడ్డం పట్టుకుని మెడ రెండు వైపులా టక్ టక్ మనిపిస్తాడు, ఆహా. షాంపూ అనే మాట మాలిష్‌ని హిందీలో పిలిచే చంపీ నుంచే పుట్టింది తెలుసా, పాట్నాలో పుట్టిన దీన్ మొహమ్మద్ అనే ఆయన ఇంగ్లండ్‌లో బ్రైటన్‌కి వెళ్లి అక్కడి దొరలకి ఒంటి మాలిష్, ఆవిరి స్నానాలు అలవాటు చేశాడు, 1800ల మొదట్లోనే.

రాయగడ ఫిజియో
బుజ్జిగారూ, తల మాలిష్ ఎన్నిసార్లయినా చేయించుకోండి, నేనూ చేయించుకుంటాను. ఆ ఆఖరి టక్ టక్ మాత్రం మానేయండి. ఆ శబ్దం కీలులో గాలి బుడగది, ఏదో సర్దుకుందని అర్థం కాదు. మెడ ఎముకల్లోంచి మెదడుకి వెళ్లే రక్తనాళాలు ఉంటాయి, విసురుగా తిప్పితే లోపలి పొర చిరిగి పక్షవాతం వచ్చిన సంఘటనలు ఉన్నాయి. సెలూన్‌లో తల కడిగించుకోవడానికి మెడ వెనక్కి వాల్చినా ఇలా అవచ్చని 1993లోనే డాక్టర్లు రాశారు, 2022లో హైదరాబాద్‌లో ఒకావిడకి ఇదే జరిగిందని పేపర్లలో వచ్చింది. తరచూ జరగదు, నిజమే. కానీ స్టెంట్ వేసుకున్న 66 ఏళ్ల మనిషి మెడతో పందెం ఎందుకు?

బరంపురం బుజ్జి
అమ్మో. రేపు ఆదివారం వాడికి ఎలా చెప్పాలో, టక్కుమనిపించనివ్వకపోతే చిన్నబుచ్చుకుంటాడు.

సునాబెడ రిటైర్డు
నేను ఎక్కువ రాయను. ఒక సంగతి మాత్రం చెప్పాలి. రెండేళ్ల కిందట మా తమ్ముడు సూరత్ నుంచి రైల్లో వచ్చాడు, కదలకుండా కూర్చుని. దిగాక ఎడమ పిక్క వాచింది, వేడిగా ఉంది, నొప్పి. బెణికిందనుకున్నాం. ఇంట్లో వెల్లుల్లి, వాము వేసి కాచిన ఆవనూనెతో మా మరదలు రెండు పూటలా గట్టిగా పట్టింది. మూడో రోజు ఆయాసం వచ్చింది. ఆసుపత్రికి పరుగెత్తితే పిక్క రక్తనాళంలో గడ్డ కట్టిందట, అందులో ముక్క ఊడి ఊపిరితిత్తికి చేరిందట. బతికాడు, దేవుడి దయ. డాక్టరు మా మరదలిని తిట్టలేదు గానీ "ఒక కాలు మాత్రమే వాచి, వేడిగా ఉంటే దాన్ని ఎవరూ పిసకకూడదమ్మా" అన్నాడు. ఆవిడ ఇప్పటికీ ఆ నూనె సీసా చూస్తే కళ్లనీళ్లు పెట్టుకుంటుంది. ఆవిడ తప్పేముంది, మనకి ఎవరు చెప్పారు?

పట్టుమగ్గం పాప, బరంపురం
అంకుల్ గారూ, ఇది చదివి నాకు ఒళ్లు జలదరించింది. మా ఇంట్లోనూ కాలు నొప్పంటే మొదట ఆవనూనెకే పరుగు.

గంజాం తీరం
వాపు మాట వచ్చింది కాబట్టి, మా వైపు బోదకాలు ఉన్న ఇళ్లు చాలా ఉన్నాయి, మా అమ్మకీ ఉంది. ఎవరో లింఫ్ డ్రైనేజ్ మసాజ్ అని చెప్పారు, అంటే వాచినచోట నిలిచిన లింఫ్ అనే ద్రవాన్ని కదిలించేది. అడిగి తెలుసుకున్నాను, డెన్మార్క్‌కి చెందిన వోడర్ అనే ఆయన 1936లో పారిస్‌లో చూపించిన పద్ధతి అది, చర్మం కొంచెం కదిలేంత మెత్తగా మాత్రమే చేస్తారు. రొమ్ము క్యాన్సర్ ఆపరేషన్ తర్వాత చెయ్యి వాచినవాళ్లకి కట్టుతో పాటు ఇది చేస్తారు. బోదకాలికి మాత్రం రోజూ సబ్బుతో కడగడం, వేళ్ల సందులు పొడిగా తుడవడం, కాలు ఎత్తుగా పెట్టడం, చీలమండ కదిలించడం, ఇవే ముఖ్యమని ఆరోగ్య కార్యకర్త చెప్పింది. అమ్మకి జ్వరం వచ్చి కాలు ఎర్రబడే రోజులు కొంచెం తగ్గాయి. ఎర్రబడ్డప్పుడు మాత్రం కాలి మీద చెయ్యి కూడా వేయం.

పాతపట్నం కోడలు
నా సందేహం వేరే, తిట్టకండి. మా బాబుకి రెండు నెలలు. పుట్టిల్లు పర్లాకిమిడి, అక్కడ లాలపోసే ఆవిడ ఆవనూనెతో, అత్తగారింట్లో నువ్వుల నూనెతో, మా ఆడపడుచు కొబ్బరినూనె అంటుంది. ముగ్గురి మధ్య నేను. పైగా ఆ లాలపోసే ఆవిడ బాబు ముక్కు నిటారుగా రావాలని లాగుతుంది, ముక్కులో, చెవుల్లో రెండు చుక్కలు వేస్తుంది, వాడు గుక్కపట్టి ఏడుస్తాడు. ఏడుస్తేనే ఊపిరితిత్తులు గట్టిపడతాయంటుంది.

రాయగడ ఫిజియో
అమ్మా, ముక్కులో నూనె వెంటనే ఆపించండి, అది ఊపిరితిత్తుల్లోకి దిగితే ఒక రకం నిమోనియా వస్తుంది. చెవుల్లో కూడా వద్దు. ముక్కు ఎముక లాగితే పెరగదు, వాళ్ల నాన్న ముక్కే వస్తుంది. ఇంకోటి, పుట్టిన పిల్లల రొమ్ములు గట్టిగా ఉంటే పాలు పిండే అలవాటు కొన్ని ఇళ్లలో ఉంది, చీము పడుతుంది, చేయనివ్వకండి. నూనెల్లో ఆవనూనె పసి చర్మానికి కొంచెం ఘాటు, కొబ్బరినూనె మేలు. బాబు మెలకువగా, హుషారుగా ఉన్నప్పుడు అరచేత్తో మెత్తగా, పొట్ట మీద గడియారం ముల్లు తిరిగే వైపు. ఏడిస్తే ఆపేయడమే. మీ చేత్తో మీరే చేయండి, నిద్ర బాగా పడుతుంది, వాడికీ మీకూ.

పాతపట్నం కోడలు
మా ఆడపడుచు గెలిచిందన్నమాట. సరే.

ఇనుప గుండు
బరంపురం అంటే వెయిట్ లిఫ్టింగ్ గురించి చెప్పకపోతే పాపం. మన కాటులు రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల్లో బంగారు పతకం తెచ్చిన ఊరిది. నేను ఆ స్థాయి కాదు గానీ రోజూ ఎత్తుతాను. మా జిమ్‌లో అందరూ చెప్పేది, మసాజ్ చేస్తే లాక్టిక్ యాసిడ్ బయటకి పోతుందని. నిజమేనా?

రాయగడ ఫిజియో
అది మీరు స్నానం చేసి టిఫిన్ తినేలోపు దానంతట అదే తగ్గిపోతుంది తమ్ముడూ, మసాజ్ అక్కర్లేదు. మర్నాడు వచ్చే నొప్పి కండరంలో పడిన చిన్న చిన్న చీలికల వల్ల. స్పోర్ట్స్ మసాజ్ వల్ల ఆ నొప్పి కొంచెం తగ్గుతుంది, ఒళ్లు కొంచెం ఎక్కువ సాగుతుంది, ఎత్తే బరువు మాత్రం పెరగదు. బెణికిన రోజున మసాజ్ వద్దు, రెండు రోజులు ఐస్, కట్టు, విశ్రాంతి.

ఛత్రపురం సత్యం
మరి అరికాళ్లలో కిడ్నీ పాయింటు, లివర్ పాయింటు అని చార్టు పెట్టి నొక్కే రిఫ్లెక్సాలజీ?

రాయగడ ఫిజియో
కాళ్లకి హాయి. కిడ్నీకి ఏమీ లేదు.

జయపురం జగ్గు
హాహా, రెండు ముక్కల్లో తేల్చేశారు. నేను ఆ చార్టు ఫ్రేము కట్టించుకున్నాను.

పట్టుమగ్గం పాప, బరంపురం
మూడు వారాలైంది, ఏం జరిగిందో చెప్పాలి కదా. నాన్నని ముందు గుండె డాక్టరుకి చూపించి, ఆయన సరేనన్నాక ఇక్కడే ఒక ఫిజియో దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన మసాజ్ బల్ల వైపు కూడా చూడలేదు, "మగ్గం మీద ఎలా కూర్చునేవారో కూర్చుని చూపించండి" అన్నాడు. నాన్న మొహం వెలిగిపోయింది, కాళ్లు గుంటలో పెట్టినట్టు స్టూలు మీద కూర్చుని, నాడె విసిరినట్టు చెయ్యి విసిరి, పలక లాగి చూపించారు, అరగంట పాఠం. ఫిజియో చెప్పింది ఏంటంటే ఏళ్ల తరబడి ముందుకి వంగి ఒకే చెయ్యి ఎక్కువ వాడటం వల్ల వీపు కండరాలు నీరసపడ్డాయట, పాత నొప్పికి మసాజ్ ఒక్కటే నిలవదట, కసరత్తు చేయాలట. 2017లో అమెరికా డాక్టర్ల సంఘం ఇచ్చిన సూచనల్లో కూడా కొత్తగా వచ్చిన నడుం నొప్పికి వేడి కాపడం, మసాజ్ అని ఉందిగానీ పాతదానికి వ్యాయామం ముందు అన్నాడు. మూడు కసరత్తులు ఇచ్చాడు. రాత్రి అమ్మ గోరువెచ్చని నువ్వుల నూనె మెత్తగా రాస్తోంది. నొప్పి పోలేదు. కానీ పొద్దున్న మంచం దిగేటప్పుడు గోడ పట్టుకోవడం మానేశారు, అది నేను చూశాను, ఆయన ఒప్పుకోరు.

నేను ఆ స్పాకే వెళ్లి స్వీడిష్ చేయించుకున్నాను, మెడ మీద మెత్తగా చెయ్యమని చెప్పి మరీ. గంటసేపు స్వర్గం, ఆ రాత్రి పిల్లలా నిద్రపోయాను. మర్నాడు సాయంత్రం నాలుగింటికి కంప్యూటర్ ముందు మెడ మళ్లీ పట్టేసింది. అమ్మ రోకలి తెచ్చి మెడ మీద దొర్లిస్తానంది, దిండు ఎండలో పెట్టింది. ముందు కంప్యూటర్ కింద నాలుగు పుస్తకాలు పెట్టి ఎత్తు చేశాను, కొంచెం నయం.

సెలూన్ సంగతి: నాన్నే వెళ్లి చెప్పారట, మా అమ్మాయి మెడ తిప్పించుకోవద్దంది అని. ఆ బార్బరు ఒక నిమిషం ఆలోచించి, సరే పెద్దాయనా, ఆ బదులు చెవులు ఇంకొంచెం సేపు మెలేస్తాను అన్నాడట.

గుణుపురం కుర్రాడు
ఇదంతా మా అత్తకి చదివి వినిపించాను. షుగర్ ఉన్నవాళ్లని, గుండె జబ్బువాళ్లని ఇక నుంచి తొక్కనని చెప్పమంది. ఠాకురాణీ అమ్మవారి యాత్రకి బరంపురం వస్తోందట, ఫిజియోగారు కనిపిస్తే ఒక మాట అడగాలట: తొక్కాల్సి వస్తే ఎడమ కాలా, కుడి కాలా అని.